బొమ్మల నవలనుండి తెరకు: ‘సిన్ సిటీ’ చిత్రమునందలి అనుసరణ పద్ధతి

శ్రీనాథుడు శృంగార నైషధమును రచించి వినిపించినప్పుడు సంస్కృత పండితులు పరిహాసము చేసిరని ఒక చాటుకథ మనలో వ్యాప్తిలో నున్నది. తెలుగు విభక్తులను కవి తిరిగి తీసికొని, మిగిలిన నైషధమును తమకు ఇచ్చివేయవలసినదని వారు కోరిరట. కథ కల్పితమే కావచ్చును. అయినను అది ఇన్నినాళ్లు నిలిచియుండుటకు కారణము కలదు. మూలమును అడుగడుగున అనుసరించిన కృతికి స్వంత ప్రతిపత్తి యేమున్నది అను చిక్కు ప్రశ్న అందు ఇమిడియున్నది. మన విమర్శకులు నన్నయ స్వేచ్ఛను మెచ్చుకొన్నంత సులభముగా శ్రీనాథుని విధేయతను మెచ్చుకొనలేకపోవుటకు ఈ ప్రశ్నయే హేతువు.

ఇదే ప్రశ్న 2005వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన ‘సిన్ సిటీ’ అను చలనచిత్రము విషయమున మరల తలయెత్తినది. ఫ్రాంక్ మిల్లర్ గీచి వ్రాసిన బొమ్మల నవలలను రాబర్ట్ రోడ్రిగెజ్ తెరకు ఎక్కించినాడు. తాను చేసినది అనుసరణము కాదనియు, అనువాదమనియు ఆతడు చెప్పుకొన్నాడు. పుస్తకములోని పుటలనే చిత్రీకరణకు నమూనాగా పెట్టుకొని, గడి వెంట గడిగా, మాట వెంట మాటగా నడిచినాడు. మెచ్చినవారు దీనిని గొప్ప విధేయత అనిరి. మెచ్చనివారు, పుస్తకమే యుండగా ఈ చిత్రమేల యనిరి. నైషధము నాటి పరిహాసమునకు ఇది మరియొక రూపము.

అపరాధము కథావస్తువైన చిత్రమును తెలుగు శాఖ పత్రికలో చర్చించుట ఉచితమా యని కొందరు మిత్రులు శంకింపవచ్చును. ఈ శంక మనకు అలవాటైనదే. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌ను తెలుగుదేశమున చదువని ఇల్లు అరుదుగా నుండిన కాలమున, ఆ నవలల శిల్పమును గూర్చి మన శాఖలలో జరిగిన పరిశోధన స్వల్పము. బాల్యమున పెడన రైలు స్టేషనులో బల్లమీద కూర్చుండి వానిని చదివినవారిలో నేనును ఒకడను. తరువాత డాక్టరేటు సంపాదించి ఆ సంగతి దాచుకొన్నవారిలోను ఒకడను. కావున ఈ వ్యాసము కొంతవరకు ఋణము తీర్చుకొనుట.

ముందుగా మూలమును గూర్చి తెలిసికొనవలెను. బొమ్మలును మాటలును కలిసి నడుపు దీర్ఘకథను నేడు గ్రాఫిక్ నవల అనుచున్నారు. విల్ ఐస్నర్ 1978లో ప్రకటించిన ఒక కథాసంపుటి వలన ఈ పేరు ప్రచారములోనికి వచ్చినది. వస్తువు మనకు క్రొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డలపై రామాయణ ఘట్టములు అరలు అరలుగా తీర్చి, ప్రక్కనే తెలుగు అక్షరములలో వివరణ వ్రాయుట చూచినవారికి ఈ ప్రక్రియ వెంటనే బోధపడును. అక్కడ గుడ్డ, ఇక్కడ కాగితము.

మిల్లర్ ఈ కథలను 1991లో ఆరంభించి ఆ దశాబ్దమంతయు వ్రాసినాడు. బేసిన్ సిటీ అనునది ఒక కల్పిత నగరము. అందు అధికారులు, మతాధిపతులు, రక్షకభటులు అందరును అవినీతిపరులే. ధర్మమును పట్టుకొని వ్రేలాడువారు ముగ్గురు నలుగురు మొరటు మనుష్యులు మాత్రమే. మొదటి నవలలో మార్వ్ అను కురూపి యొకడు, తనను ఒక రాత్రి ఆదరించిన స్త్రీ హత్య గావింపబడగా, హంతకులను వెదకి చంపి, తుదకు విద్యుదాసనముపై మరణదండన పొందును. కథలు ఇంతటి సామాన్యములు. వానిని నిలిపినది గీత.

ఆ గీతను గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. మిల్లర్ పుటలో బూడిదరంగు దాదాపు లేదు. నల్లని సిరాయు, తెల్లని కాగితమును, దాదాపు ఈ రెండే. సాధారణ చిత్రకారుడు తెల్లని కాగితముపై నల్లని గీతతో బొమ్మను కట్టును. మిల్లర్ పెక్కుచోట్ల పుటనంతయు నల్లగా నింపి, అందులో నుండి వెలుగును తవ్వి తీసినట్లు కనిపించును. వర్షము తెల్లని గాట్లు. ముఖములో సగము ఉండదు. పాఠకుడు దానిని ఊహతో పూరించుకొనవలెను. గాయమునుండి చిమ్మిన రక్తము తెల్లని మచ్చ. రక్తము తెల్లగా నుండుట ఇచట చమత్కారము కాదు, గత్యంతరము లేకపోవుట. నల్లని దేహముపై చూపవలసిన దేదైనను తెల్లగానే చూపవలెను. మూడవ రంగు సామాన్యముగా లేదు. ఈ మాటను పాఠకులు జ్ఞప్తియందుంచుకొన ప్రార్థన.

రోడ్రిగెజ్ పని పూనుకొనునాటికి మిల్లర్‌కు సినిమాపై నమ్మకము పోయియుండెను. ‘రోబోకాప్’ వరుసలో రెండవ, మూడవ చిత్రములకు రచన చేసి, తన రచన చేతులు మారుటను చూచినవాడు ఆతడు. ఆతనిని ఒప్పించుటకై రోడ్రిగెజ్ ఒక చిన్న కథను టెక్సస్ రాష్ట్రమున ఆస్టిన్‌లోని తన స్టూడియోలో ముందుగా చిత్రించి చూపినాడు. మేడపై ఎఱ్ఱని దుస్తులలో నిలిచిన స్త్రీ, ఆమె దరికి వచ్చిన పురుషుడు, వర్షము, తుపాకి. అదియే తరువాత చిత్రమునకు ప్రారంభ ఘట్టమైనది. మిల్లర్‌ను సహదర్శకునిగా పేర్కొనుటకు దర్శకుల సంఘము నియమములు అంగీకరింపకపోగా, రోడ్రిగెజ్ ఆ సంఘమునుండి వైదొలగినాడు. మూలకర్తను పీఠికలో స్తుతించి ఊరకొన్న అనువాదకులు మనలో పెక్కుమంది కలరు. ఆతనికై సభ్యత్వమును వదలుకొన్నవారు తక్కువ.

చిత్రీకరణము పచ్చని తెరయెదుట జరిగినది. నటులును, వారు తాకవలసిన కొలది వస్తువులును మాత్రమే నిజమైనవి. వీధులు, గోడలు, వర్షము తరువాత గణకయంత్రముపై చేర్చబడినవి. ఒకే ఘట్టమున ఎదురెదురుగా కనిపించు నటులు ఒకే దినమున అక్కడ లేకుండుటయు సంభవించినది. రంగులలో తీసిన చిత్రమును నలుపు తెలుపులోనికి మార్చి, ఏరుకొన్న చోట్ల మాత్రము రంగును నిలిపిరి. ఒక పెదవి, ఒక శయ్య, ఒకరి కన్నులు.

మా పెడనలో గుడ్డలద్దు పని చూచినవారికి ఈ క్రమము వింతగా తోపదు. మా పనిలో కాళహస్తివలె కలము లేదు. టేకుతో చెక్కిన అచ్చులు. రేఖలకు ఒక అచ్చు, లోపల నింపుటకు వేరొకటి, రంగు రంగునకు వేరుగా. గుడ్డను కరక్కాయ రసమును గేదెపాలును కలిపిన నీటిలో తడిపి ఆరవేయుదురు. పాలలోని కొవ్వు రంగును అంచు దాటి పాకనీయదు. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో దినముల తరబడి ఊరవేసి తీసిన ద్రవము, కరక్కాయ పట్టిన గుడ్డపై పడగానే నల్లని రేఖ యగును. ఎఱుపు సంగతి వేరు. ఎఱుపు కావలసిన చోట అచ్చుతో అద్దునది ఎఱుపు కాదు, పటిక. అద్దినప్పుడు అందు ఎఱుపు కానరాదు. పారు నీటిలో జాడించి, వేళ్లరంగు కాగులో ఉడికించినప్పుడు పటిక పట్టిన చోటనే ఎఱుపు నిలుచును. చూచునది ఒకటి, కాబోవునది మరియొకటి. పనివాని మనస్సులో మాత్రము రెండును ఒకేసారి యున్నవి.

‘సిన్ సిటీ’లో పసుపుపచ్చని దేహము గల దుర్మార్గుడొకడు కలడు. ఆ పాత్రను ధరించిన నిక్ స్టాల్‌కు పూసినది పసుపు కాదు, నీలము. పసుపురంగు పచ్చని తెరతో కలిసిపోయి చిక్కు కలిగించును గనుక నీలము పూసి, తరువాత యంత్రముపై దానిని పసుపుగా మార్చిరి. ఇది అచ్చముగా పటిక పని. మూలమునకు విధేయుడగుటకై దర్శకుడు మూలములో లేని రంగును పూయవలసి వచ్చినది. అనువాదమున ఇట్టివి మనమెరుగనివి కావు. సంస్కృతములోని ఒక మాటను అట్లే దింపినచో అర్థము చెడును. ఆ అర్థమే రావలెనన్న వేరొక మాటను వేయవలెను. శ్రీనాథుడు తన పద్ధతిని తానే వివరించుచు, ఔచిత్యమునకు పెద్దపీట వేసినది ఇందులకే.

ఇంతవరకు చెప్పినది విధేయతకు కావలసిన ఉపాయములను గూర్చి. అసలు చిక్కు ఉపాయములన్నియు ఫలించిన తరువాత వచ్చును.

తెల్లని రక్తమునకు మరల వత్తము. పుస్తకమున అది అనివార్యము. చిత్రమునందు సమస్త వర్ణములును దర్శకునికి అందుబాటులో నున్నవి. ఆతడు పెదవిని ఎఱ్ఱగా చూపినాడు. పసుపు దేహమునుండి పసుపు రక్తమును కార్పించినాడు. అట్టివాడు పెక్కుచోట్ల రక్తమును తెల్లగా చూపినచో, అది ఏరుకొన్న తెలుపు. పుటపై సిరాధర్మముగా నున్నది తెరపై అలంకారమైనది. రూపము లేశమైనను మారలేదు. స్థానము మాత్రము పూర్తిగా మారినది.

దీని ఫలము రసముపై పడును. బీభత్సమునకు స్థాయి జుగుప్స; రక్తమాంసాదులు విభావములు. ఈ చిత్రమున తలలు తెగును, చేతులు తెగును, మనుష్యమాంసమును తిను పాత్రయు కలదు. ఐనను సామాన్య ప్రేక్షకునికి జుగుప్స కలుగుట తక్కువ. తెల్లని ధార నల్లని చీకటిలో మెరయగా కలుగునది అద్భుతము. పుస్తకమునందు ఇట్లు కాదు. అక్కడ పాఠకుడు తెల్లని మచ్చను చూచి, అది రక్తమని తాను గుర్తింపవలెను. గుర్తించిన క్షణమున మనస్సులో అది ఎఱ్ఱబడును. జుగుప్స పాఠకుని కృషివలన పుట్టినది. తెరపై ఆ కృషికి అవకాశము లేదు. ఇది చిత్రమునకు గుణమా దోషమా యని నన్నడిగినచో, నేను దోషమనియే అందును. స్త్రీపాత్రల చిత్రణలోని హీనత పుస్తకమునందును కలదు గాని, క్రౌర్యమును సొగసుగా చూచి ఊరకొను అలవాటు చిత్రమే ఎక్కువగా నేర్పుచున్నది. 2005లో కాన్ చలనచిత్రోత్సవమున ఈ చిత్రమునకు సాంకేతిక బహుమతి లభించినది. ఆ బహుమతికి అది తగినదే. నా అభ్యంతరము అందుకు సంబంధించినది కాదు.

కాలము విషయమును ఇట్టిదే. మిల్లర్ ఒక్కొక్కచోట పుటకు ఒకే బొమ్మను ఇచ్చును. హార్టిగన్ అను వృద్ధ భటుడు చెఱలో నున్న దృశ్యమును పాఠకుడు తన ఇచ్చవచ్చినంతసేపు చూడవచ్చును. ఆతని ఒంటరితనమునకు పరిమాణము పాఠకుని చేతిలో నున్నది. చిత్రమున అదే కూర్పు కలదు: చుట్టును అంతులేని చీకటి, నడుమ చిన్న గది. అది ఎంతసేపు నిలువవలెనో సంకలనము నిర్ణయించును. మాటల గతియు అంతియే. పుటలో బొమ్మ ప్రక్కన చిన్న పెట్టెలలో కథానాయకుని స్వగతము ఉండును. కన్ను బొమ్మనుండి మాటకు, మాటనుండి బొమ్మకు పోవుచుండగా వాని నడుమ ఒక వ్యవధి ఏర్పడును. తెరపై ఆ స్వగతమునే, చాలవరకు మార్పులేకుండ, నేపథ్య కంఠముగా వినిపించిరి. అప్పుడు దృశ్యమును మాటయు ఒకే క్షణమున మీద పడును. చూచుచున్న దానినే వినుచున్నామను విసుగు నాకు రెండవ కథలో మొదలైనది. పుస్తకము చదువునప్పుడు ఈ విసుగు లేదు. మాటలు మాత్రము అవియే.

కావున పండితుల పరిహాసములోని పొరపాటు ఇక్కడ తేటపడుచున్నది. ‘డు ము వు లు’ తీసివేసినచో మిగులునది శ్రీహర్షుని నైషధము కాదు. దీర్ఘసమాసము సంస్కృతమున భాషయొక్క సహజపు నడక. సామాన్య గద్యమును సమాసములు లేక సాగదు. అదే సమాసము తెలుగు పద్యమున ప్రవేశించినప్పుడు ఒక బిగువు, ఒక ఠీవి, ఒక రాజసభా వాతావరణము అగును. శ్రీహర్షునికి భాష యైనది శ్రీనాథునికి శైలి యైనది. అక్షరమక్షరము ఒకటే యైనను పద్యము వేరు. యథాతథముగా అనుసరించుట వలన మూలము నిలుచునను నమ్మకము ఇందుచేతనే నిలువదు. అనుసరించినవాడు సమర్థుడైనకొలది ఈ భేదము స్ఫుటమగును.

దీనికి మా ఊరిలోనే ఒక ఉదాహరణము కలదు, అది కొంత బాధాకరము. కలంకారీ పేర అమ్ముడగు గుడ్డలలో తెరముద్రణము, అనగా స్క్రీన్ ప్రింటింగు చేసినవి పెక్కు కలవు. చేతి అచ్చు పనిలో ఒక అచ్చు ప్రక్క మరియొక అచ్చు పడునప్పుడు అతుకువద్ద వెండ్రుకవాసి తేడా వచ్చును. నింపుడు రంగు రేఖను కొంచెము దాటును. అది చేతి ధర్మము. నేను చూచిన ఒక తెరముద్రణపు దుప్పటిపై ఆ అతుకు తేడాలును, ఆ రంగు దాటుటయు అట్లే యుండెను. నమూనాను ఒక అచ్చుగుడ్డనుండి ఎత్తియుందురు. ప్రతి నాలుగవ పూవువద్దను అదే తప్పు, అదే కొలతతో. అచ్చులు చెక్కు వృద్ధుడొకడు దానిని చేతబట్టి చూచి, “తప్పుకూడా మాదే తీసుకున్నారండీ” అని నవ్వినాడు. ఆ నవ్వులో కూలి పోయినవాని దుఃఖమును కలదు.

‘సిన్ సిటీ’ని ఆ దుప్పటితో సమానమని నేను అనను. మూలకర్తయే ప్రక్కన కూర్చుండి చేయించిన పని అది. కాని మిల్లర్ తరువాత చేసిన పనికి ఆ పోలిక తగును. 2008లో ఆతడు ఒంటరిగా దర్శకుడై, ఐస్నర్ గీచిన ‘ది స్పిరిట్’ను చిత్రముగా తీసినాడు. ఐస్నర్ కథలు 1940 మొదలు 1952 వరకు వార్తాపత్రికల అనుబంధముగా వెలువడినవి. ఐస్నర్ గీత వంపులు గలది, హాస్యము గలది, మనుష్యులయెడ దయ గలది. దానిపై ‘సిన్ సిటీ’ చీకటిని, తెలుపు మెరపులను, ఎఱ్ఱని మెడపట్టీని అద్దిరి. ఒక గుడ్డకై చెక్కిన అచ్చును వేరొక గుడ్డపై వేసినట్లయినది. చిత్రము విమర్శకుల ఆదరమును, ధనమును రెండింటిని పోగొట్టుకొన్నది.

దీనికి ఎదురుగా నన్నయ మార్గము వంటిదియు కలదు. మాక్స్ అలన్ కాలిన్స్ వ్రాయగా రిచర్డ్ పియర్స్ రేనర్ బొమ్మలు గీచిన ‘రోడ్ టు పెర్డిషన్’ అను బొమ్మల నవలను 2002లో సామ్ మెండెస్ చిత్రముగా తీసినాడు. ఇదియు అపరాధ కథయే, శైలీప్రధానమే. మెండెస్ గడుల జోలికి పోలేదు. వర్షపు రాత్రి వీధిలో నాయకుడు తన యజమాని అనుచరులను కాల్చి చంపు ఘట్టమున తుపాకి చప్పుడు వినిపింపడు. మెరపు మాత్రమే కానవచ్చును, మనుష్యులు కూలుదురు. బొమ్మల నవలలో శబ్దము సహజముగా లేదు. లేని శబ్దమును చిత్రమున లేకుండ చేయుట, ఉన్న గీతను తెచ్చుటకంటె మూలమునకు ఎక్కువ సన్నిహితమని నాకు తోచును. ఆ చిత్రమునకు ఛాయాగ్రాహకుడైన కాన్రడ్ హాల్‌కు మరణానంతరము ఆస్కార్ బహుమతి లభించినది.

తెలుగున బొమ్మల నవలనుండి పుట్టిన అపరాధ చిత్రము నాకు ఉదాహరణముగా దొరకలేదు గాని, బొమ్మలు గీచు చేయి అపరాధ కథను తీసిన సందర్భము గొప్పది యొకటి కలదు. బాపుగారు 1967లో తమ మొదటి చిత్రముగా ‘సాక్షి’ని తీసిరి. కథ ముళ్లపూడి వెంకటరమణగారిది. హత్యను కన్నులార చూచిన బల్లకట్టు కిట్టయ్య న్యాయస్థానమున సాక్ష్యము చెప్పును. హంతకుడు తిరిగి వచ్చునప్పుడు ఊరంతయు తలుపులు మూసికొనును. అమెరికా చిత్రము ‘హై నూన్’ ప్రభావము ఇందు కలదు. గోదావరి సీమలోని పులిదిండి గ్రామమున దీనిని చిత్రించిరి. అప్పటికే పత్రికలలో బాపు గీత ఇంటింటను పరిచితము. ఆ గీతను తెరపైకి లాగుకొని రావలెనను తహతహ ఈ చిత్రమున కానరాదు. ఏటిగట్టు, పడవ, మనుష్యుల మొగములు ఉన్నవి ఉన్నట్లున్నవి. గీత కూర్పులో దాగియున్నది.

ఈ ఏడు మా పరిశోధక విద్యార్థి యొకడు ‘సిన్ సిటీ’ని, ‘సాక్షి’ని పోల్చుచు వ్యాసము వ్రాసి తెచ్చినాడు. రెండు చిత్రములును నలుపు తెలుపులో నుండుట చీకటి నగరమునకు, భయపడిన పల్లెకు సమాన చిహ్నమని అందు వాదించినాడు. 1967లో తెలుగు చిత్రములలో అధికభాగము నలుపు తెలుపులోనే వచ్చెననియు, రంగు అప్పటికి ఖరీదైన వ్యవహారమనియు నేను ప్రక్కన వ్రాసి తిరిగి యిచ్చితిని. మరునాడు ఆతడు వచ్చి, “అయితే మేము ఇవాళ చూచునప్పుడు అది శైలిగానే కనబడుచున్నది గదా, మాస్టారూ, దాని నేమి చేయవలెను?” అని అడిగినాడు. ఆ పేరాను కొట్టివేయవద్దని చెప్పితిని.